సందు చూసి చుక్క పెట్టండి: ఇంకుతో ఒక వెలక్కాయ

వినాయక చవితి మర్నాడు పాలవెల్లి విప్పుతుంటే ఒక వెలక్కాయ మిగిలింది. పచ్చడి చేద్దామని తీసి కిటికీ పక్క టేబుల్ మీద పెట్టాను. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి దాని మీద ఎడమ వైపు నుంచి ఎండ పడుతోంది. బూడిద రంగు పెంకు, దాని మీద పొక్కు పొక్కులుగా గరుకు, తొడిమ ఊడిన చోట చిన్న గుంట. ఆ రోజు పచ్చడి చెయ్యలేదు. నాలుగు సాయంత్రాలు కూర్చుని, ఆ కాయని తెల్ల కాగితం మీద నల్ల చుక్కలతో వేశాను. బొమ్మలో గీత ఒక్కటి కూడా లేదు. రంగు లేదు. కాయ, దాని కింద కొంచెం నీడ, మిగతాదంతా ఖాళీ కాగితం. మీరు ఇలాంటి బొమ్మ ఎలా వెయ్యొచ్చో నాకు తెలిసినంతా చెబుతాను. వెలక్కాయే కావాలని లేదు. ఉల్లిపాయ, దానిమ్మ, నిమ్మకాయ, వాగులో దొరికిన గుండ్రాయి, గుండ్రంగా ఉండి మెరవనిది ఏదైనా మొదటిసారికి మంచిది. మెరిసేవి, అంటే స్టీలు గ్లాసు, వంకాయ లాంటివి తర్వాత చూద్దాం.

నేను రాజమహేంద్రవరంలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతాను. బైపీసీ చదివినవాళ్ళకి చుక్కలు కొత్త కాదు. రికార్డులో పెన్సిల్ రుద్ది షేడింగ్ చెయ్యకండి, కావాలంటే చుక్కలు పెట్టండి అని ల్యాబ్‌లో చెబుతూనే ఉంటాం. రుద్దితే మసకేసి కణం గోడ ఎక్కడుందో, లోపలి పదార్థం ఎక్కడుందో తెలియదు. చుక్కలు పెడితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. కానీ పిల్లలు ఆ చుక్కల్ని శిక్షలా భావిస్తారు. టకటకా పొడిచేసి పేజీ తిప్పేస్తారు. వాళ్ళని తప్పు పట్టను. చుక్క ఎందుకు పెట్టాలో చెప్పాం గానీ, ఎలా పెట్టాలో ఎప్పుడూ కూర్చోబెట్టి చూపించలేదు.

ఈ పద్ధతిని స్టిప్లింగ్ అంటారు. ఇటలీలో జూలియో కంపాన్యోలా అనే చిత్రకారుడు 1510 ప్రాంతంలోనే రాగి రేకు మీద చుక్కలు చెక్కి, గీతలతో రాని మెత్తదనాన్ని అచ్చులో తెచ్చాడు. అచ్చు యంత్రానికి బూడిద రంగు తెలియదు. ఇంకు అంటితే నలుపు, అంటకపోతే తెలుపు, అంతే. అందుకే మొక్కలు, పురుగులు, తవ్వకాల్లో దొరికిన రాతి పనిముట్ల బొమ్మలు గీసేవాళ్ళు చుక్కల్ని వదల్లేదు. అమెరికాలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక 1979 నుంచి మనుషుల ముఖాల్ని ఇలా చుక్కలతో, సన్న గీతలతో వేయిస్తోంది. ఆ శైలి మొదలుపెట్టిన చిత్రకారుడు కెవిన్ స్ప్రౌల్స్. ఫ్రాన్సులో జార్జ్ సురా వేసిన చుక్కల బొమ్మలు చాలామందికి తెలుసు గానీ, ఆయన దారి వేరు. ఆయన రంగు పక్కన రంగు పెట్టి కంటిలో కలిపాడు. మన దగ్గర ఉన్నది ఒక్క నలుపే. మనకీ అచ్చు యంత్రానికీ కష్టం ఒకటే.

ఆ కష్టానికి జవాబు నాకు మా అమ్మ ముగ్గులో దొరికింది. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఆవిడ చుక్కలు పెడుతుంటే నేను ముగ్గు గిన్నె పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. స్కేలు లేదు, దారం లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి రాలేది, పైవరసలో రెండు చుక్కల మధ్య ఉన్న సందుకి సరిగ్గా కింద వచ్చి పడేది. ఆవిడ చూపు పెట్టిన చుక్క మీద ఉండేది కాదు. రెండు చుక్కల మధ్య ఖాళీ నేల మీద ఉండేది. ఇంకు బొమ్మకీ అదే కన్ను కావాలి. నలుపు ఎంత చిక్కగా ఉండాలో చెప్పేది చుక్క సైజు కాదు, చుక్కల మధ్య సందు. మిగతా విషయాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

పెన్ను, కాగితం

ఒక్క పెన్ను చాలు. సెట్టు కొనకండి. పిగ్మెంట్ ఇంకు ఉన్న ఫైన్‌లైనర్, అంటే సన్న మొన పెన్ను, తీసుకోండి. సకురా వాళ్ళ మైక్రాన్ అయినా, స్టెడ్లర్ పిగ్మెంట్ లైనర్ అయినా పర్వాలేదు. పిగ్మెంట్ అంటే రంగు ఇంకులో కరిగిపోకుండా సన్న రేణువులుగా ఉంటుంది. ఆరిపోయాక నీళ్ళు తగిలినా కారదు, వెలుతురికి త్వరగా వెలిసిపోదు. మైక్రాన్ మీద రాసిన నంబర్లు మిల్లీమీటర్లు కావు, ఇక్కడే చాలామంది పొరబడతారు. 005 అంటే 0.20 మి.మీ., 01 అంటే 0.25, 03 అంటే 0.35, 05 అంటే 0.45. మొదటి బొమ్మకి 01 తీసుకోండి. 005తో చుక్కలు అందంగా వస్తాయి గానీ సహనం అయిపోతుంది. 05తో పని త్వరగా అవుతుంది, కానీ పలచటి నీడలు రావు, అమ్మవారు పోసినట్టు మచ్చలు కనిపిస్తాయి. ఇంట్లో ఎవరైనా డ్రాఫ్ట్స్‌మన్ పని చేసి ఉంటే వాళ్ళ పాత రోట్రింగ్ పెన్ను, అంటే ప్లాన్లు గీసే గొట్టపు మొన పెన్ను, అడగండి. శుభ్రంగా కడిగి వాడితే అంతకంటే సమానమైన చుక్క మరో పెన్నుతో రాదు.

జెల్ పెన్ను వద్దనే నా సలహా. కారణం నా అనుభవమే. ఒక ఏప్రిల్ నెలలో జెల్ పెన్నుతో తామరకాయ వేస్తున్నాను. మూడు రోజుల పని అయింది. మా ఊరి ఎండలు మీకు తెలుసు. మణికట్టు చెమట కాగితానికి అంటి, ఆ చెమటకి ఇంకు కరిగి, గింజల గుంటలన్నీ ఒకదాన్లోకి ఒకటి జారిపోయాయి. ఆ రోజు చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి పెన్ను మార్చాను, చెయ్యి కింద ఎప్పుడూ ఒక శుభ్రమైన కాగితం పెట్టుకుంటున్నాను. పిగ్మెంట్ ఇంకు ఉన్నా ఆ కాగితం తప్పదు. చేతి జిడ్డు అంటిన చోట ఇంకు సరిగ్గా పట్టదు.

కాగితం నున్నగా, మందంగా ఉండాలి. బ్రిస్టల్ బోర్డు దొరికితే అదే మేలు. లేకపోతే స్టేషనరీ షాపులో మందంగా ఉన్న ఐవరీ షీటు అడిగి A4 సైజుకి కోయించుకోండి. కొనే ముందు అంచు మీద ఒక చుక్క పెట్టి చూడండి, షాపతను ఏమీ అనుకోడు. మామూలు జిరాక్స్ పేపరు మీద చుక్క పెట్టి భూతద్దంతో చూస్తే దాని చుట్టూ సన్నటి వేళ్ళు పాకినట్టు కనిపిస్తుంది. కాగితం పీచు వెంట ఇంకు పాకడమే అది. 100 చుక్కలకి తెలియదు, 10 వేల చుక్కలకి బొమ్మంతా బొంతలా అయిపోతుంది. గరుకు డ్రాయింగ్ షీటు కూడా వద్దు. దాని మిట్టల మీద పెన్ను మొన జారుతుంది.

ముందు ఆరు గడులు

బొమ్మ మొదలుపెట్టే ముందు ఒక అరగంట దీనికి ఇవ్వండి. దీన్ని దాటేసినవాళ్ళు మధ్యలో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. అదే కాగితం ముక్క మీద ఒక్కో సెంటీమీటరు చదరపు గడులు ఆరు పెన్సిల్‌తో గియ్యండి. మొదటి గడిలో 25 చుక్కలు, రెండోదాన్లో 50, మూడో దాన్లో 100, తర్వాత 200, 400, 800. లెక్క కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదు.

ఎందుకు రెట్టింపు చేస్తున్నామంటే, 100 చుక్కలున్న గడికి ఇంకో 25 కలిపితే కంటికి తేడా దాదాపుగా తెలియదు. అవే 25 చుక్కలు మొదటి గడిలో కలిపితే వెంటనే తెలుస్తుంది. కన్ను కూడికలు చెయ్యదు, ఎన్ని రెట్లు పెరిగిందో చూస్తుంది. ప్రతిసారీ రెట్టింపు చేస్తేనే నీడ ఒక్కో మెట్టు దిగినట్టు ఉంటుంది. సందులు కూడా గమనించండి. 25 చుక్కల గడిలో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం సుమారు 2 మి.మీ. 100 గడిలో 1 మి.మీ. 400 గడిలో అర మి.మీ. అంటే సందు సగం కావాలంటే చుక్కలు నాలుగు రెట్లు పట్టాయి. చిక్కటి నీడ దగ్గర పని ఎందుకంత నెమ్మదిగా సాగుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. చెయ్యి వేగం తగ్గిందని కంగారు పడనక్కర్లేదు, అక్కడ పనే అంత ఉంది.

ఆ గడుల ముక్కని కత్తిరించి పక్కన పెట్టుకోండి. బొమ్మంతా దాన్ని చూసుకుంటూనే వెయ్యాలి. ఒకటో గడి, రెండో గడి అని ఇక ముందు నేను చెప్పేది వీటి గురించే.

గడులు నింపేటప్పుడే చెయ్యి అలవాటు చేసుకోండి. పెన్ను మామూలుగా రాసేటట్టు వాల్చి పట్టుకోకూడదు, దాదాపు నిట్టనిలువుగా ఉండాలి. మొన కాగితాన్ని తాకాలి, అలాగే నిలువుగా పైకి లేవాలి. పక్కకి లాగితే చుక్కకి తోక వస్తుంది. ఒక తోక చుక్కని ఎవరూ పట్టించుకోరు, కానీ అందరూ తొందరపడేటప్పుడు ఒకే వైపుకి లాగుతారు కాబట్టి వెయ్యి తోకలు కలిసి వాన జల్లులా కనిపిస్తాయి. గట్టిగా పొడవద్దు. ఈ పెన్నుల మొన చాలా సున్నితం, బలం పెడితే లోపలికి నొక్కుకుపోతుంది, ఆ తర్వాత లోహపు గొట్టం కాగితాన్ని గీరుతుంది. పెన్ను కాగితాన్ని తాకుతున్న చప్పుడు మీకు వినపడుతుంటే బలం ఎక్కువైనట్టే. మా ల్యాబ్‌లో పిల్లలకి నేను ఇప్పుడు ఇదే చెబుతున్నాను: పక్కనున్నవాళ్ళకి మీ చుక్కలు వినపడకూడదు.

కాయ ఎక్కడ, ఎంత

వెలక్కాయకి ఎడమ పైవైపు నుంచి ఒకే దీపం పెట్టండి. సీలింగ్ లైటు ఆపండి. రెండు దీపాలుంటే రెండు నీడలు పడి కాయ గుండ్రదనం చెదిరిపోతుంది. శాస్త్ర పుస్తకాల్లో బొమ్మలకి వెలుగు ఎడమ పైనుంచే రావడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. కుడిచేతి వాటం వాళ్ళకి రాత దీపం కూడా అటే ఉంటుంది. నాలుగు రోజులూ కాయనీ దీపాన్నీ కదపకండి. టేబుల్ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. ఫోటో తీసుకుంటే మంచిదే గానీ ఫోటోని మాత్రమే నమ్ముకోవద్దు. ఫోన్ కెమెరా నీడలోని వివరాలని కృత్రిమంగా వెలిగిస్తుంది.

నేను కాయని అసలు సైజులోనే, 6 సెంటీమీటర్ల వెడల్పుతో వేశాను. A4 కాగితంలో అది ఇరవయ్యో వంతు కూడా రాదు. మొదట చూసినప్పుడు మరీ చిన్నదనిపిస్తుంది. పెద్దది చెయ్యాలనిపించినా ఆగండి. చుట్టూ ఉన్న తెలుపు కూడా బొమ్మలో భాగమే. కాయ బరువుగా కూర్చున్నట్టు కనిపించేది ఆ ఖాళీ వల్లే. సరిగ్గా నడిమధ్యన పెట్టకుండా కొంచెం కిందికి, కొంచెం ఎడమకి జరపండి. నీడ కుడివైపుకి పడుతుంది, దానికి చోటు కావాలి.

హెచ్‌బీ పెన్సిల్‌తో, అస్సలు నొక్కకుండా, కాయ అంచు గియ్యండి. తర్వాత ముఖ్యమైన గీత: వెలుగు ఆగి నీడ మొదలయ్యే చోటు. కాయని దశమి నాటి చంద్రుడనుకోండి. వెలిగిన భాగానికీ చీకటి భాగానికీ మధ్య వంపు తిరిగిన గీత ఉంటుంది కదా, అది. ఆ తర్వాత టేబుల్ మీద పడ్డ నీడ హద్దు, తొడిమ గుంట. ఇంతే. మెత్తటి రబ్బరుతో అద్ది, పెన్సిల్ గీతల్ని కంటికి ఆనీ ఆననంత పలచగా చేసెయ్యండి. పెన్సిల్ పొడి ఎక్కువుంటే పెన్ను మొనలోకి వెళ్ళి ఇంకు ఆగిపోతుంది.

చుక్కలు

అంచు నుంచి మొదలుపెట్టకండి. ఇది పెద్ద మాట, నేను కూడా ఆలస్యంగా నేర్చుకున్నాను. గుండ్రటి వస్తువు మీద అన్నిటికంటే నల్లగా ఉండే చోటు అంచు కాదు. వెలుగు ఆగిన గీత దాటి కొంచెం లోపలున్న పట్టీ. దాని అవతల, కుడి అంచు దగ్గర, టేబుల్ మీద పడి తిరిగొచ్చిన వెలుగు కాయని కొద్దిగా వెలిగిస్తుంది. మీ కాయని కళ్ళు సగం మూసి చూడండి, కనిపిస్తుంది. అంచుని నల్లగా చేసినవాళ్ళ కాయ పళ్ళెంలా బల్లపరుపుగా ఉంటుంది. ఈ తిరిగొచ్చిన వెలుగుకి చోటు ఉంచినవాళ్ళ కాయ చేత్తో పట్టుకోవచ్చనిపిస్తుంది.

మొదటి విడత ఆ పట్టీ మీద రెండో గడి అంత పలచగా, రెండు వైపులా ఇంకా పలచబడుతూ చుక్కలు జల్లండి. కుడి అంచు వరకూ వెళ్ళొచ్చు. ఎడమ వైపు మాత్రం సగం దారిలోనే ఆగిపోవాలి. ఒక మూల పూర్తి చేసి ఇంకో మూలకి వెళ్ళడం కాదు, కాయంతా ఒకేసారి ఒక మెట్టు దిగాలి. ఆ రోజుకి ఆపెయ్యండి. రెండో రోజు మళ్ళీ పట్టీ నుంచి మొదలుపెట్టి మూడో గడికి, నాలుగో గడికి దింపండి. మూడో రోజుకి పట్టీ నడుమ ఐదో గడి, అక్కడక్కడ ఆరో గడి రావాలి. కుడి అంచు దగ్గర నాలుగో గడి దాటకూడదు. ఇలా విడతలుగా ఎందుకంటే, చుక్కని కలపగలం గానీ తియ్యలేం. పలచగా ఉన్నది రేపు చిక్కబడుతుంది, ఎక్కువైన నలుపుని వెనక్కి తేవడం కష్టం.

ఇప్పుడు ఒక్కో చుక్కా ఎక్కడ పెట్టాలి? ముగ్గుకీ దీనికీ ఇక్కడ దారి వేరవుతుంది. ముగ్గులో సందులన్నీ సమానం, వరుసలు సూటిగా ఉండాలి. ఇక్కడ వరుస కనిపిస్తే బొమ్మ చెడుతుంది. మూడు చుక్కలు ఒకే గీతలో పడగానే కన్ను వాటిని కలిపేస్తుంది, కాయ మీద లేని గీత పుడుతుంది. అలాగని కళ్ళు మూసుకుని జల్లితే కొన్ని చుక్కలు జంటలుగా అతుక్కుని ముడులు పడతాయి, పక్కన బోడి ఖాళీలు మిగులుతాయి. నేను చేసేది ఇదే: పెన్ను లేపినప్పుడల్లా దగ్గర్లో అన్నిటికంటే పెద్ద సందు ఏదో చూస్తాను, దాని మధ్యలో, కాస్త అటో ఇటో జరిపి చుక్క పెడతాను. దాంతో ఆ సందు రెండు మూడు చిన్న సందులవుతుంది. మళ్ళీ పెద్దది వెతుకుతాను. మొదటి వంద చుక్కలకి ఆలోచించాల్సి వస్తుంది. తర్వాత చూపు దానంతటదే సందు వెతుక్కుంటుంది. అప్పుడప్పుడూ కాగితాన్ని తిప్పండి. చేతికి ఒకే దిక్కులో వెళ్ళే అలవాటు ఉంటుంది, కాగితం తిరిగితే ఆ అలవాటు తెగుతుంది.

నా చెయ్యి నిమిషానికి సుమారు 70 చుక్కలు పెడుతుంది. ఈ బొమ్మలో చుక్కలు వేలల్లోనే ఉన్నాయి. చూసుకోవడం, ఆగడం కలుపుకుని ఆరు గంటల పని. ఒకేసారి 20 నిమిషాలకి మించి కూర్చోకండి. అలసిన చేతి నుంచే తోకలూ జంటలూ వస్తాయి. మెడ ఎత్తి, కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టుని చూడండి. చత్వారం వచ్చినవాళ్ళు అద్దాలు పెట్టుకునే వెయ్యండి. భూతద్దం కింద మాత్రం వద్దు. అక్కడ చుక్కలు కనిపిస్తాయి, కాయ కనిపించదు.

కుడి పక్క గురించి ఇంత చెప్పాను. ఎడమ పై అంచు గురించి చెప్పాల్సింది కొంచెమే, కానీ బొమ్మకి ప్రాణం అక్కడే ఉంది. దీపం నేరుగా పడే ఆ చోట కాయకీ కాగితానికీ మధ్య హద్దు గియ్యలేదు. పెన్సిల్ గీత ఉన్న చోట దూరం దూరంగా 11 చుక్కలు పెట్టాను, అంతే. చూసినవాళ్ళెవరూ అక్కడ అంచు లేదని అనలేదు. కుడి వైపు వంపు ఎలా తిరుగుతోందో చూసి, మిగిలిన గుండ్రాన్ని కన్నే పూర్తి చేసుకుంటుంది. మీ చెయ్యి అక్కడికి వెళ్ళి ఒక సన్న గీత గియ్యాలని తహతహలాడుతుంది. ఆ ఒక్కటి ఆపుకోండి.

గరుకు, గుంట, నీడ

వెలక్కాయ పెంకు మీద వందల పొక్కులుంటాయి. అన్నీ వెయ్యనక్కర్లేదు. దీపం కింద కాయని దగ్గరగా చూస్తే ఒకటి గమనిస్తారు. గరుకు బాగా కనిపించేది వెలుగూ నీడా కలిసే చోటే. నిండు వెలుగులో పొక్కులు కరిగిపోతాయి, నిండు నీడలో మునిగిపోతాయి. అందుకే గరుకు పని మొత్తం ఆ కలిసే చోటికే, వేలి వెడల్పు మేర, పరిమితం చేశాను. ఒక పొక్కు ఎలా వెయ్యాలంటే, ఆవగింజంత చోటు తెల్లగా వదిలి, దాని కుడి కింది పక్కన నాలుగైదు చుక్కలు దగ్గరగా పెట్టాలి. ఇంకో పొక్కు కొంచెం దూరంగా, వేరే సైజులో. కాయ అంచుల వైపు వెళ్ళేకొద్దీ పొక్కులు నొక్కినట్టు కోలగా అవుతాయి. గుండ్రాన్ని పక్క నుంచి చూస్తున్నాం కదా.

తొడిమ గుంట దీనికి తలకిందులు. పొక్కు ఎత్తుగా ఉంది కాబట్టి నీడ కుడి కింద పడింది. గుంట లోతుగా ఉంది కాబట్టి దాని ఎడమ పై గోడకి వెలుగు అందదు, నలుపు అక్కడ రావాలి. కుడి కింది గోడ వెలుగుతుంది. ఇది తారుమారైతే గుంట బొడిపెలా లేచి కూర్చుంటుంది. నా క్లాసులో ఒక అమ్మాయి నిమ్మకాయ వేసింది. అన్నీ బాగున్నా ఏదో తేడాగా ఉందని రెండు రోజులు తెగ టెన్షన్ పడింది. తిప్పి చూస్తే గుంట నీడ ఒక్కటే ఎదురు పక్కన పడింది.

టేబుల్ మీద పడ్డ నీడని చివరి రోజుకి ఉంచండి. కాయ టేబుల్‌ని ఆనిన చోట బియ్యపు గింజ మందాన బొమ్మలోకెల్లా చిక్కటి నలుపు రావాలి. ఆరో గడి కంటే చిక్కగా, ఐనా సూది మొనంత తెల్ల సందులు మిగిలేలా పెట్టండి. పూర్తిగా పూడ్చేస్తే అది మరకలా కనిపిస్తుంది, చుక్కల బొమ్మలో పొసగదు. అక్కడి నుంచి కుడికి వెళ్ళేకొద్దీ నీడ వెడల్పవుతూ పలచబడాలి. దాని అంచు కూడా గట్టిగా ఉండకూడదు. చివర్లో చుక్కలు ఒక్కొక్కటే విడిపోయి తెలుపులో కలిసిపోవాలి. ఈ చివరి చుక్కలకి ఇంకు సగం ఎండిన పాత పెన్ను బాగా పనికొస్తుంది. దాని చుక్క చిన్నగా, బూడిదగా పడుతుంది. అందుకే నేను పాత పెన్నులు పారెయ్యను, మూతకి దారం కట్టి వేరుగా పెట్టుకుంటాను.

ఎక్కడ ఆపాలి, పొరబాటైతే ఏం చెయ్యాలి

ఇంకొంచెం పెడితే బాగుంటుందేమో అనిపించే దశ ఒకటి వస్తుంది. అప్పుడు పెన్ను మూత పెట్టి, బొమ్మని గోడకి ఆనించి, ఆరడుగుల దూరం నుంచి చూడండి. దూరం నుంచి కాయ గుండ్రంగా, బరువుగా కనిపిస్తే పని అయిపోయినట్టే, దగ్గరకెళితే ఎన్ని లోపాలున్నా సరే. అద్దంలో చూస్తే కూడా తెలుస్తుంది. ఎడమా కుడీ తారుమారైతే పాత అలవాటు పోయి కన్ను కొత్తగా చూస్తుంది. నా రెండో బొమ్మలో ఖాళీ కాగితం చూసి భయమేసి, వెనకాల గోడని కూడా చుక్కలతో నింపాను. పదిహేను రోజులు పట్టింది. కాయ అందులో పోయింది. ఆ బొమ్మని ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాను, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చూపించడానికి.

చుక్క తప్పుగా పడితే నీడలోనైతే ఏమీ చెయ్యకండి, చుట్టూ ఇంకొన్ని పెడితే కలిసిపోతుంది. వెలుగులో పడితే ఒక పూట ఆగి బాగా ఆరాక, కొత్త బ్లేడు మూలతో పైపొరని మాత్రం మెల్లగా గీరి, మీద పలచటి కాగితం వేసి గోటితో రుద్దండి. మందపాటి బోర్డు మీదే ఇది కుదురుతుంది. గీరిన చోట మళ్ళీ ఇంకు పెడితే పాకుతుంది, పెట్టకండి. తెల్ల జెల్ పెన్ను వాడొచ్చు గానీ ఆ తెలుపు కాగితం తెలుపుతో కలవదు, పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది.

మిగిలిన పెన్సిల్ గీతలు మర్నాడు చెరపండి. ఆ రోజే చెరిపితే చుక్కలు చెదురుతాయి. రుద్దకూడదు, మెత్తటి రబ్బరుని అద్ది అద్ది తియ్యాలి. ఆరిన ఇంకు మీద కూడా గట్టిగా రుద్దితే నలుపు కొంచెం వెలిసిపోతుంది.

ఎవరికైనా పంపాలంటే స్కాన్ చెయ్యడం మేలు. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల వివరం) పెట్టి, గ్రేస్కేల్‌లో, అంటే బూడిద ఛాయలు కూడా పట్టేలా, స్కాన్ చెయ్యండి. బ్లాక్ అండ్ వైట్ అని ఉండేది నొక్కితే పలచటి చుక్కలు మాయమవుతాయి. బొమ్మని చిన్నది చేసినప్పుడు చుక్కల మీద అలల్లాంటి చారలు కనిపించవచ్చు. అది మీ తప్పు కాదు, చుక్కల సందులూ ఫోను తెర గళ్ళూ ఒకదానితో ఒకటి పొసగక వచ్చేది. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే అసలు సైజులో వెళుతుంది.

సంతకం నీడ కింద పెట్టకండి, కన్ను బొమ్మ కంటే ముందు దాన్ని చదవడానికే వెళుతుంది. నేను కుడి కింది మూలలో తేదీ మాత్రం వేస్తాను, అదే 01 పెన్నుతో, చిన్నగా. వెనక వైపు ఏ కాయ, ఎన్ని గంటలు, ఏ పెన్ను అని పెన్సిల్‌తో రాసుకుంటాను. వెలక్కాయ బొమ్మ వెనక ఇంకో మాట కూడా రాశాను: నాలుగో రోజు సాయంత్రం కాయ కొట్టాను, గుజ్జు పండింది, పచ్చడికి బెల్లం కొంచెమే పట్టింది. సగం పెంకు కడిగి ఆరబెట్టాను. లోపలి గుల్ల నున్నగా, గింజలు అంటిన గుర్తులతో ఉంది. వచ్చే వారం దాన్ని వేస్తాను.